స్టాప్‌మోషన్: పిల్లల కథ తెరకెక్కే తీరు

బొమ్మను రవ్వంత కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఇంకో ఫోటో తీసి, వాటిని వరుసగా నడిపించి కదులుతున్నట్టు భ్రమింపజేసే పద్ధతి స్టాప్‌మోషన్. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండు ఫ్రేములు నిలిపినా, పది నిమిషాల కథకు 7,200 భంగిమలు కావాలి. బొమ్మ లోపల తీగతోనో, కీళ్లున్న లోహంతోనో అస్థిపంజరం ఉంటుంది. నిలబడ్డ పాదం జారకుండా కింద నుంచి మర బిగిస్తారు.

నీల్ గెయ్‌మన్ పిల్లల నవల 'కోరలైన్' (2002)ను హెన్రీ సెలిక్ 2009లో ఇలాగే తీశారు. బొమ్మల ముఖాలను త్రీడీ ప్రింటర్‌తో చేసి, హావభావాన్ని బట్టి మార్చారు. పుస్తకంలో లేని వైబీ అనే కుర్రవాడు సినిమాలో కనిపిస్తాడు. నవలలో కథానాయిక అయిన పాప మనసులో అనుకునేది తెర మీద ఎవరితోనో ఒకరితో అనాలి కదా!

తెలుగులో స్టాప్‌మోషన్ కిటుకుకు అందరికీ గుర్తున్న ఉదాహరణ 'మాయాబజార్' (1957). ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపడేది దీనివల్లే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. బి.నాగిరెడ్డి, చక్రపాణి ఆ సినిమా నిర్మాతలు. 1947 జూలైలో పిల్లల మాసపత్రిక 'చందమామ'ను మొదలుపెట్టిందీ వారే.