ఎడిసన్ ఫోర్డ్ గేటు చెప్పే ఇంజను కథ

ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో ఉండే తమ్ముడొకడు పాత లగ్జరీ ఎస్‌యూవీ కొంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఎనిమిది సిలిండర్ల బండి. కొత్తగా ఉన్నప్పటి ధరలో పావు వంతుకే వస్తోందట. "అన్నా, ఇంత చవగ్గా మళ్ళీ దొరకదు" అంటాడు. వాడి దగ్గరున్న డబ్బు చెల్లెలి పెళ్ళికని దాచింది. తిడితే వినే వయసు కాదు. అందుకని ఆదివారం పూట మేము ముగ్గురం వాణ్ణి వెంటబెట్టుకుని రూట్ 1 మీదికి వెళ్ళాం.

అక్కడ ఇప్పుడు ఎడిసన్ టౌన్ స్క్వేర్ అని షాపులున్నాయి. అదే స్థలంలో 1948 నుంచి 2004 దాకా ఫోర్డ్ వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ నడిచింది. అది తెరిచేనాటికి ఈ ఊరి పేరు ఎడిసన్ కూడా కాదు, రారిటన్ టౌన్‌షిప్. 1954లో థామస్ ఎడిసన్ పేరు పెట్టుకున్నారు. మేం చదివింది పదో తరగతే గానీ, పని చేసే ఊరి సంగతి తెలుసుకోవాలనే కుతూహలం మాకు ఎక్కువ. ఆ ఫ్యాక్టరీ గేటులోంచి బయటికొచ్చిన బళ్ళు ఏమిటో వరసగా చూస్తే అమెరికా ఇంజను చరిత్ర సగం అర్థమైపోతుంది.

మొదట లింకన్, మెర్క్యురీ లాంటి పెద్ద కార్లు. గ్యాస్, అంటే మన పెట్రోలు, మంచినీళ్ళలా దొరికిన రోజులవి. తర్వాత 1965 నుంచి కొన్నేళ్ళు మస్టాంగ్. అందులో 4.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను కూడా ఉండేది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి, బంకుల దగ్గర క్యూలు కట్టారు. ఆ దశాబ్దంలో ఇదే గేటు నుంచి పింటో అనే చిన్న కారు వచ్చింది. 1980లలో 1.6 లీటర్ల ఇంజనుతో ఎస్కార్ట్ వచ్చింది. ఆ తర్వాత గ్యాస్ మళ్ళీ చవకైంది, 1990లలో ఈ ఫ్యాక్టరీ రేంజర్ అనే చిన్న ట్రక్కు తయారీకి మారింది. మన సైటులో సామాను మోసే పికప్ లాంటిదన్నమాట.

అసలు కథ ఆ ట్రక్కులోనే ఉంది. రేంజర్ ట్రక్కు ఛాసిస్‌నే ఆధారం చేసుకుని ఫోర్డ్ 1990లో ఎక్స్‌ప్లోరర్‌ను దించింది. అమెరికాలో ఇంటింటా ఎస్‌యూవీ కావాలనిపించిన బళ్ళలో అదొకటి. పనివాడి బండి మీద తోలు సీట్లు వేసి షావుకారు బండి చేశారు.

అలా ఎందుకు చేశారంటే చట్టం అటువైపు దారి వదిలింది. 1975లో అమెరికా ప్రభుత్వం మైలేజీ నియమం తెచ్చింది. 1990ల చివర్లో కంపెనీ అమ్మే కార్ల సగటు గాలన్‌కు 27.5 మైళ్ళు ఉండాలి. ట్రక్కులకైతే 20.7 చాలు. ఎస్‌యూవీని ట్రక్కు లెక్కలో రాశారు. తాగుబోతు ఇంజన్ల మీద 1978లో వేసిన పన్ను కూడా కార్లకే, వీటికి లేదు. 1991లో 30 వేల డాలర్లు దాటిన కార్ల మీద విలాస పన్ను వేశారు. ఆరు వేల పౌన్లు దాటిన ట్రక్కులకు అదీ లేదు. అంటే బండి ఎంత బరువైతే అంత లాభం! 1997లో 5.4 లీటర్ల ఇంజనుతో లింకన్ నావిగేటర్, మరుసటేడు 5.7 లీటర్లతో క్యాడిలాక్ ఎస్కలేడ్ వచ్చాయి. 2003లో వ్యాపారం పేరు మీద బరువైన ఎస్‌యూవీ కొంటే లక్ష డాలర్ల దాకా ఒకేసారి ఖర్చు కింద రాసుకోవచ్చన్నారు. మరుసటేడే దాన్ని 25 వేలకు తగ్గించారు.

ఇవాళ్టి ఎస్కలేడ్ ఇంజను 6.2 లీటర్లు. తమ్ముడికి మన లెక్కలో చెప్పాం. మన మారుతీ 800 మొత్తం ఇంజను 796 సీసీ. ఈ బండిలో ఒక్క సిలిండరే దాదాపు అంత. అలాంటివి ఎనిమిది!

ఇప్పుడు మేత సంగతి. ఆ బండి ఊళ్ళో, హైవేలో కలిపి గాలన్‌కు 16 మైళ్ళు ఇస్తుంది. లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రాదు. అదే లెక్సస్ ఆర్ఎక్స్ హైబ్రిడ్ 36 మైళ్ళ దాకా ఇస్తుంది. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగామనుకోండి, మొదటిదానికి 750 గాలన్లు, రెండోదానికి 333. గాలన్ మూడు డాలర్లు వేసుకున్నా ఏడాదికి 1,250 డాలర్ల తేడా. 2008 జూలైలో దేశంలో సగటు ధర నాలుగు డాలర్లు దాటింది, 2022 జూన్‌లో ఐదు దాటింది. బండి కొన్నవాడి చేతిలో ఆ ధర ఉండదు. 2008 దెబ్బకు హమ్మర్ లాంటి పేరున్న బండే 2010లో మూతపడింది. పైగా మన న్యూజెర్సీలో గ్యాస్ మనం కొట్టుకోకూడదని 1949 నుంచి చట్టం. లోపల కూర్చుని మీటరు తిరుగుతుంటే చూడ్డమే మన పని.

మా సొంత అనుభవం కూడా చెప్పాలి. పదేళ్ళ కిందట మేము నలుగురం తలా కొంత వేసుకుని ఇలాంటి పాత బండే కొన్నాం. ఏ కంపెనీదో చెప్పం, తప్పు మాది. చలికాలంలో ఒక పొద్దున చూస్తే ఎద్దు కూలబడ్డట్టు బండి ఒక పక్కకి కూర్చుంది. ఎయిర్ సస్పెన్షన్ పోయింది. తర్వాత టైర్లు, తర్వాత బ్రేకులు. ఏడాదిన్నరలో రిపేర్లకు పెట్టింది కొన్న ధరలో సగం దాటింది. ఆ ఏడాది మాలో ఒకడు ఇంటికి డబ్బు పంపలేక సంక్రాంతికి ఫోనే చెయ్యలేదు. అప్పుడర్థమైంది, బండి ధర పాతబడితే తగ్గుతుంది గానీ దాని స్పేరుపార్టు ధర తగ్గదు. ఏనుగు చవగ్గా దొరికిందని మేత చవగ్గా దొరకదు.

ఇంజను సైజు మన అవసరాన్ని బట్టి పెరగలేదు అన్నదానికి మన దేశమే ఇంకో సాక్ష్యం. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లో 2000 సీసీ, ఆపై డీజిల్ బళ్ళ రిజిస్ట్రేషన్ ఆపింది. వచ్చే నెలకే మహీంద్రా తన 2.2 లీటర్ల ఇంజను పక్కన 1.99 లీటర్ల ఇంజను పెట్టింది. 2016 ఆగస్టులో ఒక శాతం సెస్సుతో నిషేధం ఎత్తేశారు. ఇక్కడ కూడా నావిగేటర్ ఇప్పుడు 3.5 లీటర్ల టర్బోకి దిగింది, వోల్వో ఎక్స్‌సీ90 రెండు లీటర్లతోనే నడుస్తోంది. నిన్నటిదాకా 5.4 లేనిదే కదలదన్న బండి ఇవాళ 3.5తో ఎలా కదులుతోంది? చట్టం, పన్ను, గ్యాస్ ధర ఎటు తిప్పితే ఇంజను అటు తిరిగింది. మనం మాత్రం అది మన హోదా అనుకుని బిల్లు కట్టాం.

పెద్ద బండి కొనొద్దని మేం అనం. ఇంటినిండా మనుషులుండి, సంపాదన నిలకడగా ఉన్నవాళ్ళు కొనుక్కోండి, తప్పు లేదు. కానీ కొనే ధర ఒక్కసారి కడతాం, నడిపే ధర వారం వారం కడతాం. రెండోది ముందు లెక్క వేసుకోండి.

తమ్ముడు తిరిగొచ్చేటప్పుడు కారులో ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఫోనులో లెక్కలు వేస్తూ, "అన్నా, ఐదేళ్ళకి గ్యాస్ తేడానే ఆరు వేలు దాటుతోంది" అన్నాడు. "రిపేర్లు కూడా కలుపు" అన్నాం. ఇంకా కలుపుతూనే ఉన్నాడు.