అరచేతిలో త్రిభుజం

లైకా ఎం11 కెమెరా 2022లో వచ్చింది. ఆరు కోట్ల పిక్సెళ్లు. బాడీ ఒక్కటే లక్షల్లో మాట, లెన్సు వేరే కొనుక్కోవాలి. ఇంత పోసి కొన్నాక తెలిసేదేమంటే, ఇందులో ఆటోఫోకస్ లేదు. కెమెరా ముఖాన రెండు చిన్న అద్దాల కిటికీలుంటాయి. వాటి మధ్య దూరం సుమారు 69 మిల్లీమీటర్లు. ఆ 69 మిల్లీమీటర్లను భూమిగా, ఎదురుగా నిలబడ్డ మనిషిని శీర్షంగా పెట్టుకుని ఈ కెమెరా ఒక త్రిభుజం కడుతుంది. దూరం తేల్చేది ఆ త్రిభుజమే. దానికి బ్యాటరీతో పని లేదు.

మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు దీన్ని. వాడు నాచారంలో మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది ఎక్కువగా నా మెడలోనే వేలాడింది. "బాబాయ్, మధ్యలో చిన్న వెలుతురు గడి కనిపిస్తోందా? అందులో మనిషి ఇద్దరుగా ఉంటాడు. రింగు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒకడిగా చెయ్. అప్పుడు నొక్కు" అని పాఠం చెప్పాడు. నాచారం చౌరస్తాలో చాయ్ పోసే మనిషి మీద మొదలుపెట్టాను. రింగు తిప్పుతుంటే పక్కకు జరిగి ఉన్న రెండో చాయ్‌వాలా మెల్లగా నడిచొచ్చి మొదటివాడిలో కలిసిపోతాడు. అలా కలిసిన క్షణాన ఫోకస్ కుదిరినట్టు. మీటరు దూరంలో ఉన్న మనిషి నుంచి ఆకాశం అంచు దాకా ఈ ప్రపంచమంతా దానికి నాలుగు డిగ్రీల లోపు కోణమే. ఆ లెక్క వేసుకున్నాక నాకు ఇక నిద్ర పట్టలేదు.

ఎందుకంటే త్రిభుజంతో దూరం కొలిచే ఈ పని చేసేవాళ్లు మా ఇంటికి కూతవేటు దూరంలోనే ఉన్నారు. హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఆ తర్వాత సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ వస్తాయి. దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు అక్కడికి శిక్షణకు వస్తారు. తెలిసిన ఒక భుజం, దాని రెండు చివర్ల నుంచి రెండు కోణాలు ఉంటే చాలు, అడుగు కదపకుండా అవతలి గుట్ట ఎంత దూరమో చెప్పొచ్చు. వాళ్ల వృత్తికి పునాది ఇదే. అంటే రేంజ్‌ఫైండర్ కెమెరాకు తాత ముత్తాతల్ని ఫొటో స్టూడియోల్లో వెతికితే దొరకరు. గొలుసు, జెండాలు మోసుకుని గుట్టలెక్కినవాళ్లలో వెతకాలి. వాళ్లలో కొందరు మన ఊళ్ల మీదుగానే నడిచారు.

1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 100 అడుగుల ఉక్కు గొలుసు పరిచి ఏడున్నర మైళ్ల గీత కొలిచాడు. మన కెమెరాలోని 69 మిల్లీమీటర్లకు అది పెద్దన్న. ఆ భూమి మీద మొదటి త్రిభుజం, దాని భుజం మీద రెండోది, దాని మీద ఇంకోటి, ఇలా దక్షిణ దేశమంతా త్రిభుజాలతో అల్లుకుపోయాడు. మధ్యమధ్యలో తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి మళ్లీ గొలుసు పరిచేవాడు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర పరిచిన గొలుసులు అలాంటివే.

కోణాలు కొలిచే థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను. దాని చరిత్ర ఒక జానపద కథంత ఉంది. ఇంగ్లండు నుంచి ఓడలో వస్తుంటే ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్ తీసుకెళ్లారు. అదేమిటో తెలిశాక మర్యాదగా తిరిగి పంపారు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. గుండ్రటి కొలబద్ద వంకరపోయింది. ఇంకొకరైతే కొత్తది తెప్పించమని ఉత్తరం రాసి కూర్చునేవారు. లాంబ్టన్ డేరా మూసుకుని వారాల తరబడి తన చేతుల్తోనే దాన్ని సరిచేశాడు. అలా అతుకులు పడ్డ యంత్రమే రాయలసీమ గుట్టలెక్కింది, నిజాం రాజ్యంలోకి వచ్చింది.

లాంబ్టన్ ఆఖరి ఏళ్లలో హైదరాబాదే ఆయన మకాం. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ అనే కుర్రవాడు అసిస్టెంటుగా వచ్చి చేరింది ఇక్కడే. కొత్తవాడిని కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లోకి పంపారు, అదీ వానాకాలంలో. ఎండాకాలంలో దుమ్మూ వేడిగాలీ కలిసి దూరపు గుట్టను వణికిస్తాయి. వాన కడిగేశాక గాలి తేటపడి జెండా స్పష్టంగా కనిపిస్తుంది. సర్వేకు మేలు చేసే ఆ వానలే దోమలకూ మేలు చేశాయి. ఎల్లాపురం దగ్గర బృందమంతా జ్వరంతో పడిపోయింది. హైదరాబాదు నుంచి డోలీలు, ఏనుగులు పంపి వాళ్లను వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. అందరూ తిరిగి రాలేదు. ఎవరెస్ట్ 1820లో ఒళ్లు బాగుచేసుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్‌కు వెళ్లాడు. 1823 జనవరి 20న లాంబ్టన్ నాగపూరు దారిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. తర్వాత ఎవరెస్ట్ ఆ కొలతను బీదరు పక్కనున్న దామర్‌గిడ్డ నుంచి హిమాలయాల దాకా లాక్కెళ్లాడు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. లాంబ్టన్ పేరు సర్వేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. అర టన్ను ఇత్తడిని భుజాల మీద గుట్టెక్కించిన మనవాళ్ల పేర్లు ఆ కాగితాల్లో సరిగ్గా ఎక్కనేలేదు. ఇంచులో వెయ్యో వంతు తేడాకు పేజీలు కేటాయించినవాళ్లు, బోయీలకు ఒక్క వరుస కేటాయించలేకపోయారా అని నాకు కోపం.

ఇంతకు ముందు సంగతులు ఒక్క ముక్కలో ముగించొచ్చు. క్షేత్రగణితం మనకు కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన ఎప్పుడో తెనిగించాడు. త్రిభుజం ఎప్పుడూ ఉంది. దాన్ని డబ్బాలో పెట్టడమే మిగిలింది.

ఆ పని చేసింది ఇద్దరు మాస్టార్లు. 1888లో బ్రిటిష్ యుద్ధ శాఖ, పదాతిదళానికి దూరం చెప్పే పరికరం కావాలని ప్రకటన ఇచ్చింది. లీడ్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చెప్పే ఆర్చిబాల్డ్ బార్, భౌతికశాస్త్రం చెప్పే విలియం స్ట్రౌడ్ ఆ ప్రకటన చూసి ఒక గొట్టం తయారుచేశారు. రెండు చివర్లా రెండు కిటికీలు, మధ్యలో ఒక కన్ను. రెండు బొమ్మలు కలిస్తే దూరం తేలినట్టే. సైన్యం కాదంది. 1892లో నౌకాదళం ఔనంది. తొలి గొట్టాల్లో భూమి నాలుగున్నర అడుగులు. తర్వాత యుద్ధనౌకలతో పాటు గొట్టాలూ పెరిగాయి. జపాను యమాటో నౌక మీద కిటికీల మధ్య దూరం ఏకంగా 15 మీటర్లు. దాన్ని చేసిన నిప్పన్ కొగాకు కంపెనీ, యుద్ధంలో ఓడాక బతుకుతెరువు కోసం కెమెరాలు పట్టింది. 1948లో అది తెచ్చిన రేంజ్‌ఫైండర్ కెమెరా పేరు నికాన్. మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ల మెడల్లో కనిపించే పేరు అదే.

జర్మనీలో లైట్జ్ కంపెనీ ఉద్యోగి ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. బరువైన ప్లేట్ల కెమెరాతో కొండలెక్కలేక, సినిమా రీలు ముక్క పట్టే చిన్న డబ్బాను 1914 నాటికే చేసుకున్నాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో అది లైకాగా అమ్మకానికొచ్చింది. అప్పటికి అందులో దూరం కొలిచే ఏర్పాటు లేదు. విడిగా ఒక చిన్న రేంజ్‌ఫైండర్ కొని కెమెరా నెత్తిన తగిలించుకోవాలి, అది చెప్పిన అంకెను చూసి లెన్సు మీద తిప్పుకోవాలి. 1932లో లైకా 2 వచ్చాకే లెన్సు తిప్పితే త్రిభుజం కూడా కదలడం మొదలైంది. 1934లో సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో, మకరెంకో నడిపిన అనాథ పిల్లల కమ్యూన్ ఆ లైకాకు నకలు తీసింది. దాని పేరు ఫెద్. 1954లో లైకా ఎం3 వచ్చింది. వెనక కన్ను పెట్టే చోట, దృశ్యం చూసేదీ దూరం చూసేదీ ఒకటైపోయాయి. ఇప్పటి ఎం11లోనూ చూపుకు ఆ అమరికే.

మరి లైకాకు ముందు హైదరాబాదు ఫొటోల మాటేమిటి? ఇక్కడ లాలా దీన్ దయాళ్‌ను తలవకుండా ముందుకెళ్లలేను. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో నక్షాలు గీసే ఉద్యోగం చేసినవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. ఆయన కెమెరాలో త్రిభుజం లేదు. నల్లగుడ్డ కింద తల దూర్చి, గరుకు అద్దం మీద తలకిందులుగా పడ్డ దొరల్నీ దొరసానుల్నీ చూసి ఫోకస్ చేసేవాడు. సర్వే దుర్భిణిలోనూ బొమ్మ తలకిందులే. గుట్ట మీది తెల్లదొర అంతఃపురం ఆడవాళ్లను తలకిందులుగా చూస్తున్నాడని ఊళ్లలో గొడవలయ్యేవని చెబుతారు. అదే హైదరాబాదులో 1892లో దీన్ దయాళ్ ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళకే అప్పగించాడు. లాంబ్టన్ కాలం నుంచి అక్కడికి ఎంత దూరం వచ్చామో చూడండి. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. సికింద్రాబాదు వాటిని నిలుపుకోలేకపోయినందుకు సిగ్గుపడాలి.

మన దగ్గర దూరం కొలిచిన మరో బడి సినిమా స్టూడియో. నాచారంలో ఎన్టీఆర్ కుటుంబం వారి రామకృష్ణ స్టూడియో ఉంది. రీలు రోజుల్లో ఏ స్టూడియోలోనైనా, షాటుకు ముందు కెమెరా అసిస్టెంటు టేపు పట్టుకుని లెన్సు నుంచి హీరో కంటి దాకా కొలిచి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. హీరో నడిచొస్తుంటే రింగు తిప్పేదీ అతనే. ఎనిమిది అడుగులా, తొమ్మిదా అన్నది అతనికి చూపుతోనే తెలిసేది. పాత లెన్సుల మీద అడుగులు, మీటర్లు చెక్కి ఉండేవి. క్లిక్ త్రీ డబ్బా కెమెరా పట్టుకున్న పెదనాన్నలకు కూడా "కొంచెం వెనక్కి జరుగు" అనడానికి ఒక లెక్క ఉండేది. ఇప్పటి చాలా లెన్సుల మీద ఆ అంకెలే లేవు. ఫోన్ మనిషి ముఖాన్ని తనే వెతుక్కుంటుంది. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ఫొటో తీసేవాడికి తెలియాల్సిన అవసరం పోయింది. నా దృష్టిలో డిజిటల్ వల్ల పోయిన వాటిలో పెద్దది ఇదే. రీలు వాసన గురించి వలపోసేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

త్రిభుజానికి డిజిటల్ గుండె పెట్టిన మొదటివాడు లైకా కాదు, ప్రింటర్ల ఎప్సన్. 2004లో వచ్చిన ఆర్-డి1లో 60 లక్షల పిక్సెళ్లే. రీలు లేకపోయినా షటర్ బిగించడానికి ప్రతి ఫొటోకూ లీవరు తిప్పాలి. ఆ చాదస్తం నాకు భలే నచ్చింది. 2006లో లైకా ఎం8 వచ్చింది. కంటికి కనపడని పరారుణ కాంతిని అది సరిగ్గా ఆపలేక, నల్లటి సింథటిక్ కోట్లు వంకాయ రంగులో పడేవి. కొన్నవాళ్లకు కంపెనీ ఫిల్టర్లు ఊరికే పంచింది. 2009లో ఎం9తో సెన్సర్ పాత రీలు గడి అంత అయింది.

చేత్తో పట్టుకుని వాడితే దీని గుణదోషాలు త్వరగానే తెలుస్తాయి. చూసేది లెన్సులోంచి కాదు కాబట్టి, ఫ్రేము బయట ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. మల్లాపూర్ రోడ్డులో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తున్న జనం గీతలోపలికి ఎప్పుడు అడుగుపెడతారో ముందే తెలుస్తుంది. చప్పుడు తక్కువ, ఎవరూ తల తిప్పరు. కానీ త్రిభుజం 70 సెంటీమీటర్ల కంటే దగ్గరికి పనిచేయదు. పసిపాప గుప్పిట, బతుకమ్మ మీది తంగేడు పువ్వు దీని పని కాదు. ఎదురొచ్చే ఆటోను పట్టాలంటే చెయ్యి బాగా తిరగాలి. పెళ్లి ఫొటోలకు దీన్ని అప్పు చేసి కొనాలనుకునే కుర్రాళ్లకు నేను వద్దనే చెబుతాను.

సైన్యం ఈ గొట్టాన్ని ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు లేజరు కాంతి వెళ్లి తిరిగొచ్చే సమయంతో దూరం చెబుతున్నారు. అలాంటి చూపు పరికరాల పని మన మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ చేస్తోంది. 1926లో అక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీయే 1983లో దానిలో కలిసింది. చివరికి లైకా కూడా 2025లో త్రిభుజం తీసేసి, లోపల బుల్లి తెర పెట్టి ఎం ఈవీ1 అని ఒకటి అమ్మకానికి పెట్టింది. వృద్ధాప్యంలో కళ్లు మసకబారినవాళ్లకు అది సుఖమే, కాదనను. అయినా ఎం అన్న పేరు దానికి పెట్టకుండా ఉండాల్సింది.

మీ అటక మీద గల్ఫ్ నుంచి చిన్నాన్న తెచ్చిన యాషికా ఎలక్ట్రో 35 ఉంటే పాత సామానువాడికి వేయకండి. 1966లో మొదలైన ఆ కెమెరాలోనూ ఇదే త్రిభుజం ఉంది. దాని మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు కానీ, త్రిభుజానికి బ్యాటరీ అవసరం లేదు. లెన్సును అనంతం గుర్తుకు తిప్పి, మేడ మీదికెక్కి, మౌలాలి గుట్ట లాంటి దూరపు దాన్ని గడిలో చూడండి. రెండు గుట్టలు కనిపిస్తే రిపేరు అవసరం. ఒక్కటే కనిపిస్తే కెమెరాలో కొలత ఇంకా సరిగ్గానే ఉంది, రీలు వేసుకోవచ్చు.