హాలేలో ఒక ఎమ్మే

పెదనాన్న ఫోన్ చేసినప్పుడల్లా "నీ ఎమ్మెస్ ఎప్పటికవుతుందిరా?" అని అడుగుతారు. "ఎమ్మెస్ కాదు పెదనాన్నా, ఎమ్మే" అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. విమానమెక్కి జర్మనీ పోయి ఎమ్మే చదివేవాణ్ణి ఆయన ఎరగరు. అందులోనూ గ్రీకు, లాటిన్!

నేనుండే ఊరు హాలే. సాలే నది ఒడ్డున ఉప్పు వండుకుని బతికిన పాత ఊరు. తెలుగువాళ్లకు ఈ పేరు పరిచయం ఉండాలి. మద్రాసులో తెలుగు నేర్చుకున్న మత ప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఇక్కడే. మన అచ్చు చరిత్ర మొదలయ్యేది వాటితోనే.

నా చదువు సంగతికొస్తే, సోమవారం హోమర్, మంగళవారం నాణేలు, బుధవారం రోమన్ చట్టం, గురువారం శాసనాలు. నాలుగు శాఖల మాస్టార్లు, నాలుగు రకాల చీవాట్లు. దీన్ని ఇంటర్‌డిసిప్లినరీ అంటుంటే ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకున్నాను. ఈ కలగూరగంపకు రెండు వందల ఏళ్లు దాటాయనీ, దాన్ని అల్లినాయన ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పాడనీ చేరాకగానీ తెలియలేదు.

ఆయన ఫ్రీడ్రిష్ ఆగస్ట్ వోల్ఫ్. 1783లో ఇక్కడ ప్రొఫెసర్‌గా చేరాడు. హోమర్ కావ్యాలు ఒక్కరు కూర్చుని రాసినవి కావనీ, నోటిపాటలుగా పుట్టి తర్వాత ఒకచోట చేరినవనీ 1795లో వాదించి యూరప్ పండితులకు నిద్ర లేకుండా చేశాడు. అప్పటికి జర్మనీ అనే దేశం లేదు. హాలే ప్రష్యా రాజ్యంలో ఉండేది. 1806 అక్టోబర్ 14న యేనా దగ్గర నెపోలియన్ ఆ రాజ్యం నడుం విరిచాడు. మూడు రోజులకు యుద్ధం హాలే వీధుల్లోకి వచ్చింది. యూనివర్సిటీ మూసేసి పిల్లల్ని ఇళ్లకు తోలేశారు. కొలువు పోయిన వోల్ఫ్ బెర్లిన్ చేరాడు. తన చదువుకు పటం గీసినట్టు 1807లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి కవి గోథేకి అంకితమిచ్చాడు. వ్యాకరణం, చరిత్ర, భూగోళం, శిల్పం, నాణేలు, శాసనాలు అన్నీ కలిపి 24 శాఖలు. అన్నీ చదివితేనే ప్రాచీనులు అర్థమవుతారన్నాడు. ఆ చదువు పేరు ఆల్టర్‌టూమ్స్‌విస్సెన్‌షాఫ్ట్, అంటే ప్రాచీన కాలపు శాస్త్రం. తడబడకుండా పలకడానికి నాకొక సెమిస్టర్ పట్టింది.

యుద్ధంలో ఓడిన రాజ్యం బళ్లో లేచి నిలబడాలనుకోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. వోల్ఫ్ స్నేహితుడు విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ 1809లో ప్రష్యా చదువుల బాధ్యత తీసుకున్నాడు. మరుసటేడాది బెర్లిన్ యూనివర్సిటీ తెరుచుకుంది. గిమ్నాజియం అనే హైస్కూళ్లలో గ్రీకు, లాటిన్ పీటలేసుకుని కూర్చున్నాయి. 1900 దాకా యూనివర్సిటీలో ఏ కోర్సులోనైనా చేరే హక్కు ఆ బళ్లో నెగ్గినవాళ్లకే. అంటే డాక్టరు కావాలన్నా, జడ్జీ కావాలన్నా ఒకప్పటి మన ఎంసెట్ లాగా గ్రీకు క్రియాపదాలు అడ్డంగా నిలబడి ఉండేవి.

పండితుల తగాదాలు మనకు కొత్త కావు. ఇక్కడి పెద్ద తగాదా మాటకూ వస్తువుకూ మధ్య. భాష సరిగ్గా చదివితే చాలునని లైప్సిగ్‌లో గాట్‌ఫ్రీడ్ హెర్మన్. కాదు, జీవితమంతా చూడాలని వోల్ఫ్ శిష్యుడు ఆగస్ట్ బోఖ్. ఆయన 1817లో ఏథెన్స్ నగరపు జమాఖర్చుల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. మా క్లాసులో ఇప్పటికీ ఆ రెండు ముఠాలూ ఉన్నాయి. నేను బోఖ్ వైపు. నా గ్రీకు బలహీనం కాబట్టి అని కిట్టనివాళ్లు అంటారు.

ఇంత గ్రీకు చదివిన దేశం తర్వాతేం చేసిందో కూడా చెప్పాలి. పాల్ ఫ్రీడ్‌లెండర్ ప్లేటో మీద పేరుమోసిన పండితుడు, ఈ ఊరి ప్రొఫెసరే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడాడు. యూదుడని నాజీలు 1935లో కొలువు తీసేశారు. 1938లో జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ క్యాంపులో పెట్టారు. మరుసటేడు అమెరికా వెళ్లిపోయాడు. అప్పటి విద్యామంత్రి బెర్న్‌హార్డ్ రూస్ట్ ఒకప్పుడు గిమ్నాజియం మాస్టారు.

వోల్ఫ్ పటంలో ఒక కంచె కూడా ఉంది. ఈజిప్టు, యూదు, పర్షియా తదితర తూర్పు జాతులు ఇందులోకి రావని ఆయన తేల్చేశాడు. 24 తలుపులు తెరిచిన మనిషి తూర్పు వాకిలి మాత్రం మూసేశాడు.

ఆ వాకిలి కాస్త తెరిచింది ఒక నాటకం. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన రెండో శతాబ్దపు పాపిరస్ అది, 1903లో అచ్చయింది. కారిటియన్ అనే గ్రీకు పిల్ల భారత తీరంలో చిక్కుకుంటుంది. అన్న ఓడలో వచ్చి, అక్కడి రాజుకు నీళ్లు కలపని ద్రాక్షసారా పట్టించి చెల్లెల్ని తీసుకుపోతాడు. మధ్యలో ఒక విదూషకుడి అపానవాయువు హాస్యం. దాన్ని మాస్టారు ఎంతో గంభీరంగా అనువదించారు. రాజు మాట్లాడే ముక్కలు మాత్రం గ్రీకు కావు. 1904లో 'హెర్మెస్' పత్రికలో అవి కన్నడమన్నది యూజెన్ హుల్ట్‌జ్. 1886 నుంచి మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా దక్షిణ భారత శాసనాలు చదివి, అప్పటికి హాలేకి సంస్కృతం ప్రొఫెసర్‌గా వచ్చి ఉన్నాడు. అవి నవ్వించడానికి పుట్టించిన ఉత్త శబ్దాలేననే వాళ్లూ ఉన్నారు.

శాసనాలంటే గుర్తొచ్చింది, గురువారం క్లాసులో ఒక లాటిన్ సమాధిరాయి మీద తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టాం. ఆరాక ఊడదీస్తే అక్షరాలు ఉబ్బెత్తుగా వస్తాయి. మన శాసనాల వాళ్లూ ఇలాగే కొట్టి, పైన సిరా అద్దుతారు. ఇక్కడ సిరా ఉండదు, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చదువుకోవాలి.

నాటకం కథంతా పెదనాన్నకు ఫోన్‌లో చెప్పాను. ఈసారి నిశ్శబ్దం లేదు.

"కన్నడమా? సరిగ్గా చూశారంట్రా? తెలుగేమో!"