తటాకమునకు ఏడవ దోషము

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుని గుడి యెదుట రెండు రాతిపలకలపై చెక్కిన సంస్కృతశాసన మొకటి గలదు. శాలివాహనశకము 1291, అనగా క్రీ.శ. 1369వ సంవత్సరమున బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, అచట అనంతరాజసాగరమను చెఱువును కట్టించిన వృత్తాంతము అందు వర్ణింపబడినది. దినమునకు వేయిమంది కూలివాండ్రు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనట. దానకర్తను పొగడి ఊరకుండక, ఆ శాసనకవి మంచి చెఱువునకు వలయు పండ్రెండు అంగములను, విడువవలసిన ఆఱు దోషములను లెక్కించి చెప్పినాడు. ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టినేల, మూడు యోజనముల దూరమునుండి తియ్యనీరు తెచ్చు నది, నిడుపాటి రాళ్లు దొరకు గని, పనివాండ్ర సమూహము మొదలైనవి అంగములు. కట్ట కారుట, చౌడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువునడుమ మిట్ట, నీరు తక్కువై నేల యెక్కువగుట, నేల తక్కువై నీరెక్కువగుట అనునవి దోషములు. నేటి ఇంజనీరు చదివినను తల యూపదగిన జాబితా యిది.

మేము ఈ శాసనపాఠమును చదివినప్పుడెల్ల ఏడవ దోషమొకటి అందు లేదే యని తోచుచుండును. రాయలసీమవంటి మెట్టసీమలలో చెఱువు పైరులకే గాదు, పశువులకును మనుష్యులకును త్రాగునీటికి ఆధారము. ఆ నీటిలో కంటికి గానరాక యుండునది ఏదియో కవి యెఱుగడు. ఎఱుగవలెనన్నను వీలులేదు. హాలండు దేశపు లీవెన్హుక్కు నీటిబొట్టులోని సూక్ష్మజీవులను భూతద్దముతో చూచుట మఱి మూడువందల యేండ్లకుగాని జరుగలేదు.

చెఱువునకును వాంతిభేదికిని గల చుట్టఱికమును ప్రత్యక్షముగ చూపినది మన దేశపు చెఱువే. 1883 డిసెంబరులో జర్మనీ వైద్యుడు రాబర్టు కాఖు కలకత్తాకు వచ్చెను. మఱుసటి ఫిబ్రవరిలో, సాహెబుబాగాను అను పేటలో ఒక కుంట చుట్టు నివసించు బీదలు వరుసగ మరణించుచుండగా, ఆయన ఆ నీటిని పరీక్షించి అందు కామా గుర్తువలె వంగిన క్రిములను కనుగొనెను. మొదట చచ్చిన రోగి బట్టలు ఆ కుంటలోనే ఉదుకబడినవట. ఆ నీటినే అందఱును త్రాగిరి. వ్యాధి తగ్గుముఖము పట్టినకొలది నీటిలో క్రిములును పలుచబడినవి. గాలివలనను, నేల ఆవిరివలనను ఈ జాడ్యము పుట్టునని వాదించినవారికి ఆ కుంటయే సమాధానము చెప్పినది.

ఆ తెలివి ఏడేండ్లు ముందుగ వచ్చియుండిన మన సీమవారికి ఉపకరించియుండునా? ధాత నామ సంవత్సరపు కఱవు, అనగా 1876-78 నాటి కఱవు, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను కాల్చివేసినది. చెఱువెండునప్పుడు జరుగునది గమనింపదగినది. వేయి యెకరముల నీరు వీథియంత మడుగైనప్పుడు పదియూళ్ల మనుష్యులును పశువులును ఆ మడుగునకే వత్తురు. మలినము తగ్గదు, నీరు తగ్గును. ఆరోగ్యవంతుని పొట్టలోని పుల్లనిరసము వాంతిభేది క్రిములను చాలవఱకు చంపును గాని, తిండిలేక కృశించినవానికి ఆ రసమును క్షీణించును. 1877 జనవరిలో రిచర్డు టెంపులు దొర కఱవుకూలిని దినమునకొక పౌను ధాన్యమునకును కొద్దిపాటి పైకమునకును తగ్గించినప్పుడు, మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిషు వైద్యుడు గట్టిగ ఎదిరించినది ఊరక గాదు. ఆ సంవత్సర మొక్కదానిలోనే మద్రాసు రాజధానిలో మూడులక్షలకు పైగా జనులు వాంతిభేదిచే చనిపోయిరి.

ఇక నారికురుపు. ఇది సూక్ష్మక్రిమి గాదు, గజము పొడవు పురుగు. అయినను దీని కథయు నీటికథయే. రోగి కాలిపొక్కు మంటకు తాళలేక దిగుడుబావిలో కాలు పెట్టును. పురుగు వేలకొలది పిల్లలను నీటిలో విడుచును. కంటికి ఆనీ ఆననంతటి నీటిపేను వానిని మ్రింగును. ఆ నీటిని త్రాగినవాని కాలిలో సుమారు ఏడాదికి పురుగు తల చూపును. ఈ మర్మమును 1870 ప్రాంతమున తుర్కిస్తానమున రష్యా పండితుడు ఫెద్చెంకో కనిపెట్టినను, ఆంధ్రదేశము మొదలుగ ఏడు రాష్ట్రములు దీనిని నూఱేండ్లకు పైగా భరించినవి. 1984లో దేశమున సుమారు 40 వేలమంది రోగులుండిరి. మెట్లబావులను చేదబావులుగ మార్చిరి, నీటిని వడకట్టుట నేర్పిరి. 1996 జూలై తరువాత రోగి కనబడలేదు. 2000వ సంవత్సరమున దేశమునకు విముక్తిపత్రము లభించెను. టీకా లేదు, మందు లేదు. గుడ్డయు గిలకయు చేసిన పని యిది.

గుడ్డ యనగా మనువు జ్ఞాపకమునకు వచ్చును. యతి వస్త్రముతో వడగట్టిన నీటినే త్రాగవలెనని ఆయన విధించెను; నీటిలోని క్షుద్రజంతువులను తొలగించుటకని వ్యాఖ్యాత చెప్పెను. సన్న్యాసికి విధించినదానిని బిడ్డల తల్లికేల విధింపలేదో! బంగ్లాదేశమున రీటా కోల్వెలు బృందము పాతచీరను పలుమడతలు వేసి నీరు వడకట్టించి, వాంతిభేది సగమునకు దగ్గఱగ తగ్గినదని 2003లో ప్రకటించెను. క్రిములు పెక్కులు నీటిపేలను అంటిపెట్టుకొని యుండుటయే కారణము. ఉదికి ఉదికి దారము మెత్తబడిన పాతచీర క్రొత్తదానికంటె మేలట.

మన మడి యీ వైపు చూడలేదు. మహాడు పట్టణమున 1927 మార్చి 20వ తేదీని అంబేద్కరు గారును అనుచరులును చౌదారు చెఱువునీటిని త్రాగగా, సనాతనులు నూటయెనిమిది కుండల పంచగవ్యముతో ఆ చెఱువును శుద్ధిచేసిరి. కాఖు సూక్ష్మదర్శిని అచ్చట నుండిన, చెఱువు ఎవరివలన మైలపడినదో వేఱుగ చెప్పెడిది. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు త్రాగు చెఱువుకడ పైకులపు యువకులు గేదెల కుడితిబాల్చీలు కడుగగా, త్రాగునీరు పాడుచేయవలదనుటయే నేరమైనది. మఱునాడు ఆఱుగురిని చంపిరి. నీటిశాస్త్రమును ఆ దినమున మాటలాడినది ఆ పల్లెవారే.

మా నర్సీపట్నము కఱవుసీమ గాదు. తాండవ జలాశయము దాపుననే నాథవరము మండలమున నున్నది. అయినను పైనున్న మన్యములో ఊటగెడ్డల నీటినే త్రాగువారు నేటికిని గలరు. వేసవి చివర ఊట సన్నగిల్లును. తొలకరి కొండవాలు మీది మలినమును అందులోనికి దించును. 2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్లలో అతిసారముచే పలువురు మరణించుట చూచితిమి. నీరు మఱగగాచుట అన్నిటను ఉత్తమము. అది సాగనిచోట ముందు పాతచీరతో వడకట్టి, పిమ్మట క్లోరిను బిళ్ల వేసి, అరగంట తాళవలెను. బురదనీటిలో నేరుగ వేసిన బిళ్ల బురదతోనే సరిపోవును, క్రిములవఱకు పోదు.