బెనె ఎఫ్రాయిం
గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని తెలుగు యూదుల చిన్న సంఘం. ఎక్కువమంది మాదిగ కుటుంబాల వారు, వ్యవసాయ కూలీలు. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. 1980ల చివర యూదు ఆచారాలు చేపట్టారు. ఇజ్రాయేలు గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయిం సంతతి తామేనని వీరి నమ్మకం. 1990ల మొదట్లో వెలిసిన సినగాగే వీరికి ప్రార్థన మందిరం, నలుగురూ కలుసుకునే చోటు కూడా. అమెరికాలోని కులాను సంస్థ తరఫున స్వచ్ఛంద సేవకులు వచ్చి హీబ్రూ, ప్రార్థనలు నేర్పారు. అన్నట్టు, హీబ్రూలో దానాన్ని ‘త్సెదకా’ అంటారు. ఆ మాటకు మూలం దయ కాదు, న్యాయం. అంటరానితనం ఎరిగిన వాడకు ఆ తేడా విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది.