ఆగస్టు 9, 1995: బ్రౌజర్ చరిత్ర మనం ఎందుకు చదవాలి?



ఆగస్టు 9 అనగానే మనకు గుర్తొచ్చేది ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1994 డిసెంబరులో తీర్మానం చేసింది, మొదటిసారి ఆ రోజు జరిపింది 1995 ఆగస్టు 9న. సరిగ్గా అదే రోజు అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. నెట్‌స్కేప్ అనే పదహారు నెలల కంపెనీ తన షేర్లను మార్కెట్లో పెట్టింది. 28 డాలర్లకు ఇచ్చిన షేరు ఒక దశలో 75 దాకా ఎగబాకి, సాయంత్రానికి 58 దగ్గర ఆగింది. కంపెనీ పెట్టిన ఇద్దరిలో చిన్నవాడు మార్క్ ఆండ్రీసన్‌కు అప్పటికి 24 ఏళ్లు.

రెండూ ఒకే తేదీన పడటం కాకతాళీయమే. అయినా ఈ చరిత్ర మనం తెలుసుకోవాలి. స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నా, హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, గుంటూరు యార్డులో మిర్చి ధర చూడాలన్నా మనకు బ్రౌజరే దారి. దాని కథ చెప్పేవాళ్లు మాత్రం "ఒక కుర్రాడు సొంత తెలివితో కోటీశ్వరుడయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు సంగతి అంత తేలిక కాదు.

ఆండ్రీసన్ 1971లో అయోవా రాష్ట్రంలో పుట్టాడు. విస్కాన్సిన్‌లో న్యూ లిస్బన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి విత్తనాల కంపెనీలో ఉద్యోగి. బేసిక్ అనే కంప్యూటర్ భాషను లైబ్రరీ పుస్తకం చూసి నేర్చుకున్నాడు. తర్వాత ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరాడు. అది ప్రభుత్వ యూనివర్సిటీ. అక్కడి సూపర్ కంప్యూటర్ కేంద్రం నడిచేదీ ఎక్కువగా ప్రభుత్వ సొమ్ముతోనే. చదువుకుంటూనే ఆ కేంద్రంలో గంటకు 6 డాలర్ల 85 సెంట్లకు పనిచేశాడు.

వెబ్ కనిపెట్టింది ఆయన కాదు. సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని తయారుచేశాడు. కానీ అప్పటి బ్రౌజర్లు మామూలు మనిషికి కొరుకుడు పడేవి కావు. ఆండ్రీసన్, అదే కేంద్రంలో ఉద్యోగి ఎరిక్ బీనా కలిసి మొజాయిక్ రాశారు. 1993 జనవరిలో తొలి రూపం బయటికొచ్చింది. రాత, బొమ్మ ఒకే పేజీలో కనపడేవి. లింకు మీద మౌస్‌తో నొక్కితే చాలు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ కూడా తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను అందరి సొత్తుగా వదిలేసింది. జనం వెబ్ మీదికి రావడం అప్పట్నుంచే జోరందుకుంది.

డిగ్రీ పూర్తయ్యాక ఆండ్రీసన్ కాలిఫోర్నియా వెళ్లాడు. సిలికాన్ గ్రాఫిక్స్ వ్యవస్థాపకుడు జిమ్ క్లార్క్‌తో కలిసి 1994 ఏప్రిల్‌లో కంపెనీ పెట్టాడు. మొజాయిక్ రాసిన జట్టులో చాలామందిని చేర్చుకుని, బ్రౌజర్‌ను మళ్లీ మొదట్నుంచి రాయించారు. మొజాయిక్ పేరు వాడొద్దని యూనివర్సిటీ అడ్డం చెప్పడంతో కంపెనీ నెట్‌స్కేప్‌గా మారింది.

తర్వాత మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇచ్చింది. అమ్ముకునేవాడు ఉచితంతో ఎంతకాలం పోటీపడతాడు? 1998 మార్చి 31న నెట్‌స్కేప్ తన కోడ్‌ను అందరికీ తెరిచింది. ఆ తర్వాతి ఏడాది ఏఓఎల్ కంపెనీ చేతికి పోయింది. ఆండ్రీసన్ 1999లో లౌడ్‌క్లౌడ్ అనే ఇంకో కంపెనీ మొదలుపెట్టాడు. అది ఆప్స్‌వేర్‌గా మారి 2007లో హెచ్‌పీకి సుమారు 160 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. 2009 నుంచి ఆయన కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే సంస్థ నడుపుతున్నాడు.

కంపెనీ పోయింది, కోడ్ మిగిలింది. పత్తి చేలో పనిచేసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. హైబ్రిడ్ ప్యాకెట్ ఏటా కొనాల్సిందే. ఇంట్లో దాచుకున్న నాటు విత్తనమైతే ఎవరికైనా పంచొచ్చు. ఆ తెరిచిన కోడ్ నుంచే మొజిల్లా, 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చాయి. ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటు వాడేవి. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే తెరమీద అన్నీ పిచ్చి గీతలే. నాగార్జున వెన్న రాసిన 'పద్మ' ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకుంటే ఆ రాతంతా యూనికోడ్ తెలుగులోకి మారేది. ఎవర్నీ అనుమతి అడగకుండా ఒక తెలుగువాడు ఆ పని చేయగలిగాడంటే, బ్రౌజర్ తలుపు తెరిచి ఉండబట్టే. ఇందులో మనకూ వాటా ఉంది. లంబాడీ మాటైనా, ఎరుకల మాటైనా ఇక్కడ మనం రాసుకునేది తెలుగు లిపిలోనే కదా.

మేం చెప్పదలచింది ఒక్కటే. ఆండ్రీసన్ తెలివిని ఎవరూ కాదనరు. కానీ పెట్టుబడి రాకముందే ఆయనకు నాలుగు అందాయి: ఊరి దగ్గర లైబ్రరీ, ప్రభుత్వ యూనివర్సిటీ, చదువుకుంటూ చేసే కూలీ ఉన్న పని, అందరి సొత్తయిన వెబ్. డబ్బు వచ్చింది ఆ తర్వాతే. మన తండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో తెలివికి కరువు లేదు. మిరప కోతల కాలంలో బడి మానే పిల్లకు ఆ నాలుగింటిలో మొదటిదైనా అందుతోందా అన్నదే ప్రశ్న.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ హాస్టల్లో లైబ్రరీ ఉందా, కంప్యూటర్ గది రోజుకు ఎన్ని గంటలు తెరుస్తున్నారు, ఎన్ని పనిచేస్తున్నాయి, లెక్క రాసి పెట్టండి. వచ్చే ఆగస్టు 9న దండలు, డ్యాన్సులతో పాటు ఆ లెక్క కూడా అధికారుల ముందు పెడదాం. అవి అడిగి తీసుకోవడం మన హక్కు.

జై ఆదివాసీ!