అప్పుకు జీతం జప్తు: చట్టం గీసిన హద్దులు

బాకీ వసూలుకు కోర్టు డిక్రీ పొందినా, రుణదాత ఉద్యోగి జీతమంతా జప్తు చేయించలేడు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో తొలి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తు నుంచి మినహాయింపు. అంటే రూ.31,000 జీతంలో నెలకు గరిష్ఠంగా కోత పడేది రూ.10,000. తొలి మినహాయింపును రూ.400 నుంచి వెయ్యికి పెంచింది 2002లో. నేటి ధరలకు అది నామమాత్రమే. భరణం డిక్రీ అయితే మూడింట ఒక వంతుకే రక్షణ.

ఉత్తర్వు అందాక సొమ్ము మినహాయించి కోర్టుకు పంపవలసింది యజమాని. ఉల్లంఘించి ఉద్యోగికి చెల్లిస్తే ఆ మొత్తానికి ఆయనే బాధ్యుడు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలల కోత పూర్తయితే, ఆ డిక్రీకి జీతాన్ని మళ్లీ జప్తు చేయడానికి వీల్లేదు. బాకీ మాత్రం రద్దు కాదు. రుణదాత ఇతర ఆస్తులపైకి వెళ్లవచ్చు.

కూలీలు, ఇంటి పనివారి వేతనాలకు పూర్తి మినహాయింపు ఉంది. చిట్టీ పాడినవారికి జామీను నిలిచిన ఉద్యోగికి ఆ రక్షణ లేదు. తాను రూపాయి వాడుకోకపోయినా, డిక్రీ తనపైనా వస్తే కోత తన జీతానికే. అయితే మినహాయింపులు వదులుకుంటున్నట్లు ముందే పత్రం రాయించుకున్నా, చట్టం దృష్టిలో అది చెల్లదు.